వంకర స్తంభం

కృష్ణా పుష్కరాలకు ఊరు ముస్తాబవుతున్న ఏడాది మా ఆయనకు మొదటిసారి తన ఇష్టప్రకారం చేసుకునే పని దొరికింది. అప్పటిదాకా ఆయన చేతిమీదుగా వెళ్లినవన్నీ గేట్లు, బాల్కనీ గ్రిల్స్, కల్యాణ మండపాల ముందు నిలబెట్టే ఇనుప నెమళ్లు. మేమిద్దరం ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ఒకే తరగతిలో శిల్పం చదువుకున్నాం. ఆయనది బందరు అవతల సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల కుటుంబం. మాది గుడివాడ వైపు క్రైస్తవ కుటుంబం. మా నాన్న బడిపంతులు, సంఘ పెద్ద. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నాక రెండు వైపులా కొన్నాళ్లు మాటలు లేవు, తర్వాత వచ్చాయి. విజయవాడలో కాపురం పెట్టాం. నేను ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచర్నయ్యాను. ఆయన ఆటోనగర్లో, లారీ బాడీలు కట్టే షాపుల వెనక, ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నారు. నలుగురిలో ఆయన్ని 'ఏమండీ' అనేదాన్ని. షెడ్డులో ఇద్దరమే ఉన్నప్పుడు కాలేజీలో లాగే 'నువ్వు'.

కాలువ ఒడ్డున మూడు రోడ్లు కలిసే చోట త్రికోణంలా కాస్త ఖాళీ జాగా ఉండేది. అక్కడ పచ్చిక వేసి మధ్యలో ఏదైనా నిలబెట్టాలని మున్సిపల్ ఆఫీసువాళ్లు అనుకున్నారు. పూర్ణకుంభమో నాట్యం చేసే అమ్మాయో అడుగుతారనుకుని ఆయన అయిష్టంగానే వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు స్కూటరు స్టాండు కూడా వేయకుండా గోడకు ఆనించి లోపలికి పరుగెత్తుకొచ్చారు.

"బొమ్మ వద్దంట! ఆ ఆఫీసరు ఎవరో గానీ మంచి మనిషి. ఊరంతా బొమ్మలే ఉన్నాయి, ఒక్కటన్నా బొమ్మ కానిది పెట్టండి అన్నాడు."

ఆ వేసవంతా నాకు స్కూలు సెలవులు. పొద్దున్నే ఇద్దరం షెడ్డుకు పోయేవాళ్లం. నేను అట్టముక్కలు కత్తిరించి నమూనా చేసి పెడితే, ఆయన దాన్ని ఇటు వంచి అటు విరిచి, మళ్లీ నా ముందు పెట్టేవారు. పోట్లాడుకునేవాళ్లం. చివరికి ఒక రూపం నిలిచింది. మూడు పొడవాటి ఇనుప పలకలు నేలలోంచి ఒకే మొదలుగా లేస్తాయి. పైకి పోతూ ఒకదానికొకటి దూరంగా ఒరిగి, చిట్టచివర్న మళ్లీ దగ్గరికి వచ్చి, తగలకుండా ఆగిపోతాయి. రెండంతస్తుల మేడంత ఎత్తు. రంగు వేయలేదు. వానకు ఎండకు పట్టే తుప్పే దాని రంగు అన్నారు ఆయన. మందపాటి ప్లేట్లను రోలింగ్ మిషన్ మీద వంపు తిప్పించి, తనే దగ్గర కూర్చుని వెల్డింగు చేసుకున్నారు. కనబడే అతుకులన్నీ గ్రైండరుతో నున్నగా తీసేశారు. మొదలు దగ్గర, మనిషి రొమ్ము ఎత్తున, మూడు పలకలు కలిసే చోట ఉన్న పొడవాటి అతుకును మాత్రం అలాగే వదిలేశారు. అది చేప పొలుసుల వరసలా ఉండేది. "ఇది బాగా కుదిరింది, ఉండనీ" అన్నారు.

పునాది దగ్గర కాంట్రాక్టరుతో పేచీ వచ్చింది. గీసిచ్చినదానికంటే లోతుగా తవ్వమని ఈయన పట్టు. "తుఫానులు చూసినవాణ్ణండీ. కొబ్బరిచెట్లు వేళ్లతో లేచిపోయే గాలి మీకు తెలీదు. ఇది కదలకూడదు" అని, దగ్గరుండి గుంట తవ్వించి, ఇనుప కడ్డీలు దింపించి, కాంక్రీటు పోయించారు.

నిలబెట్టిన రోజు నుంచీ జనం అడిగే ప్రశ్న ఒకటే. "ఇదేంటండీ?" కొందరు యాక్సిడెంటయిన లారీ ముక్కలన్నారు. కొందరు ఇంకా పని పూర్తికాలేదేమో అన్నారు. ఒక పేపరువాళ్లు అరటి దొప్పలన్నారు. పక్కనే ఆటోస్టాండు. అందులో అందరికంటే పెద్దాయన ఒకరు ఉండేవారు, మేము బాబాయిగారూ అనేవాళ్లం. ఆయన దానికి 'వంకర స్తంభం' అని పేరు పెట్టారు. ఏడాది తిరిగేసరికి ఊళ్లో అదొక స్టాపయిపోయింది. "వంకర స్తంభం కాడ ఆపయ్యా" అని ఎవరో ముసలమ్మ అనగా విని మా ఆయన ఇంటికొచ్చి నాతో నాలుగుసార్లు చెప్పుకున్నారు. ఏ బహుమతి ఇచ్చినా అంత మురిసిపోయేవారు కారు.

మా అత్తగారు దాన్ని చూడ్డానికి బందరు నుంచి మొదటి రైలుకు వచ్చింది. ఆమె చిన్నప్పటి నుంచి చేపల గంప మోసిన మనిషి. మెడ నిటారుగా ఉంటుంది, ఏదైనా చూడాలంటే తల ఎత్తదు, కళ్లే ఎత్తుతుంది. అలాగే కళ్లెత్తి పైదాకా చూసింది. చుట్టూ తిరిగింది.

"ఏందిరా ఇది?"

"ఏమీ కాదమ్మా. ఊరికే నిలబడి ఉంటుంది, అంతే."

"ఊరికే నిలబడేదానికి ఇంత ఇనుమా?"

తర్వాత దగ్గరికి పోయి ఆ వదిలేసిన అతుకు మీద చేత్తో రాసింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. వలలో చిరుగులు వెతికే వేళ్లు అవి. "ఇది నువ్వు కుట్టిందేనా?" అంది. వెల్డింగు అనే మాట ఆమెకు చాతకాదు. "అవునమ్మా" అన్నారు ఈయన. "దగ్గర కుట్టు. బాగా కుట్టావు" అంది. ఆ మాటకు మా ఆయన మొహం పక్కకు తిప్పుకున్నారు.

మాకు పిల్లలు కలగలేదు. దాని గురించి డాక్టర్ల దగ్గర తిరిగి, తిరగడం మానేశాక, ఇద్దరం ఒకరికొకరం చాలనుకున్నాం. సాయంత్రాలు కాలువగట్టు మీద బజ్జీలు తింటూ కూర్చుంటే స్తంభం మీద ఎండ పోవడం కనిపించేది. ఇంకో పెద్ద పని వస్తుందని ఎదురుచూశాం. రాలేదు. గేట్లు, గ్రిల్స్ వచ్చాయి.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఇద్దరికీ సోకింది. నాకు జ్వరంతో పోయింది. ఆయనకు ఊపిరి అందలేదు. అంబులెన్సులోకి ఎక్కేటప్పుడు షెడ్డు తాళం నా చేతిలో పెట్టి "సిలిండరు వాల్వు కట్టేశానో లేదో చూడమని ఎవరికైనా చెప్పు" అన్నారు. అదే నాతో ఎదురెదురుగా అన్న ఆఖరి మాట. తర్వాత ఫోనులో రెండుసార్లు మొహం చూశాను. మాస్కు లోంచి ఏదో అన్నారు, అర్థం కాలేదు, అర్థమైనట్టు తల ఊపాను. ఒక మంగళవారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. నేను ఇల్లు కదలకూడదు. ఎవరో పిల్లలు, దేవుడు చల్లగా చూడాలి వాళ్లని, ఊళ్లో అలాంటి శవాలకు దహనం చేసే పిల్లలు, సంచిలో చుట్టి తీసుకెళ్లారు. కొన్నాళ్లకు ఒక చిన్న ముంత తెచ్చి గుమ్మం బయట పెట్టి వెళ్లారు.

కర్ఫ్యూ సడలి మా అత్తగారు వచ్చేసరికి ఇంట్లో ఉన్నది ఆ ముంతా, నేనూ. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"ఇది వాడిదేనని ఎవురు చెప్పారు?"

"వాళ్లే, అత్తమ్మా. చీటీ కట్టి ఉంది."

"అన్నన్ని కాలుతుంటే ఎవురి బూడిద ఎవురిదో. నేను చూడలేదు, నువ్వు చూడలేదు." అని చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. తర్వాత అంది: "సముద్రంలో పోయినోళ్లకి కూడా ఒడ్డుంటది, ఏడవటానికి. నా కొడుక్కి ఒడ్డు కూడా లేకపాయె."

ముంతను కృష్ణలో కలిపాం. ఆమె నీళ్లలోకి దిగలేదు, మెట్ల మీదే నిలబడింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోను స్తంభం దగ్గర ఆపమంది. దిగి, పచ్చిక దాటి, తిన్నగా ఆ అతుకు దగ్గరికి వెళ్లి నుదురు ఆనించింది. అప్పుడు ఏడ్చింది. ముంత ముందు రాని ఏడుపు అక్కడ వచ్చింది. రోడ్డు మీద బళ్లు ఆగి చూస్తున్నా నేను ఆపలేదు. నేనూ ఏడ్చాను.

ఆ తర్వాత ప్రతి మంగళవారం బందరు నుంచి పొద్దుటి రైలుకు వచ్చేది. స్టేషన్ నుంచి బాబాయిగారి ఆటో. చేతిలో నీళ్ల బాటిలు, పసుపు పొట్లం, స్టీలు గిన్నెలో ఎండు నెత్తళ్ల కూరతో అన్నం. ముందు నీళ్లు పోసి, కొంగుతో ఆ అతుకంతా తుడిచేది. పసుపు రాసి బొట్టు పెట్టేది. గిన్నెలో అన్నం ఆకులో పెట్టి పక్కకు జరిగి కూర్చునేది. కాకులు వచ్చి తినేవి. మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి నాతో అన్నం తిని, సాయంత్రం రైలుకు వెళ్లిపోయేది.

ఒకసారి అడిగాను. "బొట్టెందుకత్తమ్మా?"

"స్నానం చేయించి, పసుపు రాసి, బొట్టు పెట్టి పంపించాల్సినోడు. ఎవురూ పెట్టలేదు గదా. ఆ చేత్తో కుట్టింది అదొక్కటే ఉంది నాకు."

మావాళ్లలో బొట్టు ఉండదు. అయినా నాకేమీ అనిపించలేదు. నిజానికి నాకూ అలాంటి చోటు లేదు. నవంబరులో సమాధుల పండగ వచ్చింది. మావాళ్లంతా సమాధులకు సున్నం వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ సాయంత్రం నేను ఎక్కడికి పోను? కొవ్వొత్తుల పెట్టె తీసుకుని స్తంభం దగ్గరికి పోయాను. గాలికి ఆరిపోతుంటే బాబాయిగారు ఆటో తెచ్చి అడ్డం పెట్టారు. మూడు పలకల మధ్య వెలుతురు పైదాకా పాకింది. లోపలి నుంచి వెలిగితే అది ఎలా ఉంటుందో ఆయన చూడలేదని అప్పుడు తట్టింది.

ఆ తర్వాతి సంగతి మెల్లగా జరిగింది. మొదట ఎవరో రెండు మందారాలు పెట్టారు. తర్వాత ఒక కొబ్బరికాయ. మంగళవారం పూట పెద్దావిడ ఒకామె వచ్చి పసుపూ కుంకుమా పెట్టి నైవేద్యం పెడుతుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు? ఆటోవాళ్లలో ఒకతను నిమ్మకాయలు కట్టాడు. ఆ వారం అతని కూతురికి జ్వరం తగ్గింది. అంతే. ఎర్రగుడ్డ చుట్టారు. చుట్టూ సిమెంటు గట్టు కట్టారు. ఫ్లెక్సీ వెలిసింది, 'శ్రీ వంకరమ్మ తల్లి' అని.

నేను స్కూలుకు పోతూ బస్సులోంచి ఆ ఫ్లెక్సీ చూసి ముందు నవ్వాను. ఆయన ఉంటే ఎంత నవ్వేవారో అనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే అది చెప్పి నవ్వడానికి ఎవరూ లేరు.

మా అత్తగారికి మొదట్లో అది బాగానే ఉంది. "మనవాడికి అందరూ పూలు పెడతన్నారు" అనేది. అవి ఆయనకు కాదని నేను చెప్పలేదు. అయితే ఒక మంగళవారం నాకు సెలవై ఆమెతో పాటు వెళ్లాను. వెళ్లేసరికి ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. స్తంభానికి మనిషెత్తు దాకా పసుపురంగు పెయింటు కొట్టారు. ఆ అతుక్కి కాస్త పైన రెండు పెద్ద వెండిరంగు కళ్లు, కింద నోరు, ముక్కుపుడక అతికించారు. పెయింటు కింద పొలుసుల వరస పూడిపోయింది.

అత్తగారు అలవాటుగా నేరుగా ముందుకు పోబోయింది. "వరసలో రామ్మా, మేమంతా నిలబడలా?" అంది ఒకామె. అత్తగారు వెనక్కి వచ్చి వరస చివర నిలబడింది. ఎండలో, నీళ్ల బాటిలూ గిన్నే పట్టుకుని, తన కొడుకు దగ్గరికి పోవడానికి. నేను ఆమె పక్కన నిలబడి గొడుగు పట్టాను. వంతు వచ్చాక దగ్గరికి పోయి చెయ్యి చాచింది. అతుకు కోసం వెతికింది. వేళ్లకు నున్నటి పెయింటు తగిలింది. తల పైకెత్తింది, ఆమె తలెత్తడం నేను చూసింది అదే మొదటిసారి. ఆ కళ్లను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఈ కళ్లెవురివమ్మాయ్?"

"అమ్మవారివమ్మా" అంది పక్కనున్నామె, భక్తిగా.

"నా కొడుకువి కావు" అంది అత్తగారు. గిన్నె మూత కూడా తియ్యకుండా వెనక్కి తిరిగింది.

మర్నాడు నేను మున్సిపల్ ఆఫీసుకు పోయాను. ఆ పాత అధికారి బదిలీ అయి ఎప్పుడో వెళ్లిపోయారు. ఆయన చోట ఒక ఇంజనీరుగారు, చిన్నవయసు మనిషి. కళ్లు తీయించి, పెయింటు గోకించమని అడుగుదామని వెళ్లాను. ఆయన నా మాట విని కుర్చీ వేయించారు.

"మేడమ్, నేనే మీ గురించి వాకబు చేస్తున్నాను. మంగళవారాలు ట్రాఫిక్ ఆగిపోతోంది. పోయిన వారం పాపం ఒక స్కూటరామె కింద పడింది, కాలు విరిగింది. రోడ్డు మధ్య గుడి ఉండకూడదు. కానీ అది గుడి కాదు కదా. చేసినవాళ్ల ఇంటావిడ మీరు. మీరొచ్చి జనానికి చెప్తే వింటారు. అప్పుడు శుభ్రం చేయించి, చుట్టూ కంచె వేయించి, శిల్పమని బోర్డు పెట్టిస్తాను."

చెప్తానన్నాను. అత్తగారిని ఆ వారం రావద్దన్నాను; తర్వాతి మంగళవారం ఆయన, నేను, ఇద్దరు కానిస్టేబుళ్లు వెళ్లాం. పిల్లల ముందు తప్ప ఎక్కడా మాట్లాడినదాన్ని కాదు. సిమెంటు గట్టెక్కి చెప్పాను. ఇది దేవత కాదనీ, మా ఆయన తన చేత్తో చేసిన శిల్పమనీ, ఆయన పోయారనీ, దయచేసి దీన్ని ఉన్నట్టు ఉండనివ్వమనీ. ఎవరూ అరవలేదు, నన్నేమీ అనలేదు. ముందున్న ఒకామె, చంకలో పసిపిల్ల, చాలా మర్యాదగా అడిగింది.

"మరి మీ అత్తగారు ఎందుకు మొక్కుద్దమ్మా? అందరికంటే ముందు మొక్కింది ఆమే గదా?"

చెప్పాలంటే అంతా చెప్పాలి. ఆసుపత్రి, సంచి, ముంత, పెట్టని బొట్టు. అంతమంది ముందు అవి చెప్పలేను. గట్టు దిగాను. ఆ పసిపిల్ల తల్లి నా చేతిలో కాస్త కుంకుమ పెట్టి "దిగులు పడకమ్మా, తల్లి చూసుకుంటది" అంది. ఆమె మనస్ఫూర్తిగానే అంది. అందుకే మరీ కష్టంగా ఉంది.

ఇంక తీసేయక తప్పదని ఇంజనీరుగారు ఫోను చేశారు. "పగలగొట్టం మేడమ్. క్రేనుతో ఎత్తి భద్రంగా వేరే చోటికి మారుస్తాం. మీకేదైనా జాగా తెలిస్తే చెప్పండి." మా నాన్నను అడిగాను, మా ఊరి చర్చి ఆవరణలో కాస్త చోటు ఇప్పించమని. నాన్నకు అల్లుడంటే ప్రాణం. సంఘంలో అడిగి వచ్చి ఫోను చేశారు. "పసుపు పూసి పూజ చేసినదాన్ని లోపల ఎలా పెట్టమంటావని అడుగుతున్నారమ్మా. నేను చెప్పి చూశాను." అత్తగారి ఊళ్లో పెద్దలు సరేనన్నారు గానీ, అంత పొడవు ట్రెయిలరు వాళ్ల కరకట్ట మలుపులు తిరగదని తేలింది. చివరికి ఆఫీసువాళ్ల స్టోరు యార్డులో పెట్టి తర్వాత చూద్దామన్నారు.

జనం గొడవ చేస్తారని ఏ రోజన్నది ముందుగా ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. ఒక మంగళవారం పొద్దున స్కూలుకు తయారవుతుంటే బాబాయిగారి ఫోను. "అమ్మా, క్రేను తెచ్చారు. నువ్వు రా. మీ అత్తగారికి ఫోను కలవట్లేదు."

నేను వెళ్లేసరికి చుట్టూ పోలీసులు, తాళ్లు. క్రేను గొలుసులు స్తంభానికి చుట్టి లాగుతోంది. ఇంజను గర్జిస్తోంది, పొగ వస్తోంది, క్రేను ముందు చక్రాలు నేల మీద నుంచి లేస్తున్నాయి. స్తంభం మాత్రం కదల్లేదు. చుట్టూ తవ్వారు. ఎంత తవ్వినా కాంక్రీటు. ఇంజనీరుగారు చెమటలు కక్కుతూ నా దగ్గరికి వచ్చారు. "మేడమ్, ఎంత లోతు దింపారండీ దీన్ని? డ్రాయింగులో ఇంత లేదు."

"తుఫానుకు కదలకూడదని" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూడలేకపోయారు. కాసేపు అటూ ఇటూ ఫోన్లు మాట్లాడారు. రోడ్డు మూసి చాలాసేపయింది, ఆఫీసుల టైమయింది. ఆఖరికి గ్యాస్ కట్టర్లను పిలిపించారు.

సరిగ్గా అప్పుడే అత్తగారు వచ్చింది. ఆ కళ్లు పెట్టాక కూడా ఆమె మంగళవారాలు మానలేదు; ఎప్పటిలాగే పొద్దుటి రైలు దిగి, బాబాయిగారు స్టేషన్లో కనబడకపోతే వేరే ఆటో ఎక్కి వచ్చింది. చేతిలో నీళ్ల బాటిలూ, గిన్నే. తాడు దగ్గర కానిస్టేబుల్ ఆపితే వంగి దాని కిందనుంచి రాబోయింది. నేను పరుగెత్తి పట్టుకున్నాను. అప్పటికే మంట అంటించారు. మొదలుకు కాస్త పైన నీలం మంట ఆనగానే పసుపు పెయింటు పొంగి, మాడి, రాలిపోయింది. ఆ కళ్లు రెండూ ఊడి గడ్డిలో పడ్డాయి. కింద ఆ పొలుసుల వరస మళ్లీ కనిపించింది, ఒక్క నిమిషం. మంట దాని మీదుగానే పోయింది.

అత్తగారు గట్టిగా నా భుజం పట్టుకుంది. ఆ పట్టు గుర్తులు తర్వాత చాన్నాళ్లు నా చర్మం మీద ఉన్నాయి. క్రేను కొసను పట్టుకోగా మూడు పలకలూ ఒకటొకటిగా విడిపోయి, నేల మీదికి దిగాయి. నిలబడి ఉన్నప్పుడు తగలనివి పడుకోబెట్టాక ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

కట్టరు పట్టుకున్న మనిషికి అత్తగారి సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. ఆ అతుకు మిగిలిన ముక్కను కోసి, మంట ఆర్పి, కళ్లద్దాలు తీసి, దాన్ని చల్లార్చి తెచ్చి, రెండు చేతులతో ఆమె ముందు పెట్టాడు. "తీసుకో అమ్మా. ఉంచుకో."

ఆమె దానివైపు చూసింది. చెయ్యి చాపలేదు.

"ఆసుపత్రోళ్లు మనిషిని చూపించలేదు. మీరు ముక్కలు చూపిస్తన్నారు. నాకొద్దు నాయనా. తీసుకుపో."

ఆ ముక్కను నేను తీసుకుంటానని ముందుకు వెళ్లబోతే అత్తగారు నా భుజం వదల్లేదు. "వద్దు పిల్లా" అంది. ఆమె ముందు తీసుకోలేకపోయాను. దాన్నీ లారీలో వేశారు.

మా ఇంటికొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం కాఫీ ఇస్తే లేచి కూర్చుంది.

"నేను బొట్టు పెట్టకపోతే ఉండేది గదా?"

"లేదత్తమ్మా. రోడ్డు పెద్దది చేస్తున్నారు. ఎలాగూ తీసేవాళ్లు."

"నిజమేనా?"

"నిజం."

అబద్ధమని ఆమెకు తెలుసు. నాకు తెలిసిన దానికంటే ఎక్కువ తెలుసేమో. కప్పు ఖాళీ చేసి నా చేతికిచ్చి, నా జుట్టు చెవి వెనక్కి సర్దింది. "నువ్వన్నా తిను. బుగ్గలు పీక్కుపోయినయ్" అంది.

మర్నాడు రైలెక్కిస్తుంటే కిటికీ దగ్గర కూర్చుని కమ్మీల్లోంచి నా వేళ్లు పట్టుకుంది. "నీకు వయసుంది. ఇంకెవురినన్నా చేసుకో. నాకోసం ఆగబాక. నేనేమీ అనుకోను" అంది. పక్కన కూర్చున్నవాళ్లు వింటున్నారని కూడా చూడలేదు. రైలు కదిలింది. నేను ప్లాట్‌ఫాం మీద బెంచీ మీద కూర్చుండిపోయాను. స్కూలుకు ఆ రోజు వెళ్లలేదు.

ఆ ముక్కల కోసం యార్డుకు రెండుసార్లు తిరిగాను. మొదటిసారి గేటులోంచి కనిపించాయి, పాత లైటు స్తంభాల పక్కన, మీద వేపాకులు రాలి ఉన్నాయి. రెండోసారి పోయేసరికి అక్కడ జాగా ఖాళీగా ఉంది. పాత ఇనుమంతా ఒకేసారి వేలం వేశారట. ఇంజనీరుగారు చాలా బాధపడ్డారు, నటన కాదు. కొన్నాళ్లకు ఆయనే ఫోను చేసి, కొత్త పార్కులో ఏదైనా చేసి పెట్టమని అడిగారు. "ఈసారి జనానికి అర్థమయ్యేది చెయ్యండి మేడమ్, చేపలో, పడవో." ఆలోచిస్తానన్నాను. ఒక ఆదివారం కత్తెరా అట్టా ముందు పెట్టుకుని కూర్చున్నాను. నేను కత్తిరించినదాన్ని వంచి, విరిచి, ఇది కాదు అనేవాళ్లు లేరు. చీకటి పడేదాకా కూర్చుని అట్ట ఎత్తి బీరువా మీద పెట్టేశాను. ఆ నెలలోనే షెడ్డు ఖాళీ చేశాను.

అత్తగారు మళ్లీ విజయవాడ రాలేదు. నేనే రెండో శనివారాలు పోతుంటాను. ఆమె గంప మానేసింది. కళ్లలో పొర వచ్చింది, ఆపరేషను చేయిద్దామంటే "చూడాల్సినయ్యేమున్నయ్" అంటుంది. చాన్నాళ్లు మా మధ్య ఆ మాటే రాలేదు. పోయిన నెల వాకిట్లో కూర్చుని రొయ్యలు వలుస్తుంటే, చేతులు ఆపకుండానే అడిగింది.

"ఆ చోట ఇప్పుడేముంది?"

"రోడ్డే అత్తమ్మా. తారు వేసేశారు."

"బళ్లు పోతన్నయ్యా?"

"పోతున్నాయి."

అత్తగారు లేచి, వలిచిన రొయ్యలు కడిగి, పొయ్యి మీద పెట్టింది. గాలి సముద్రం వైపు నుంచి వస్తోంది, వాకిట్లో ఆరేసిన చీర పెద్దగా కొట్టుకుంటోంది. కూర ఉడికేదాకా ఇద్దరం ఆ పొయ్యి దగ్గరే కూర్చున్నాం. పొగకు కాబోలు, ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది. తర్వాత కంచం నా ముందుకు జరిపి, "తిను. నీ బండికి వేళవుతుంది" అంది.